ఉప్పు గోడకు ఆనించిన ఇనప్పెట్టె

ఈ సంగతి ఎప్పుడో రాయవలసింది. రాయడానికి అప్పట్లో నాకు అక్షరాలు రావు. బ్యాంకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాగితాలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మోశాను గాని, ఒక్కదానిలోనూ ఏముందో చదవలేదు. జీతం రిజిస్టరులో వేలిముద్ర వేసేదాన్ని. రిటైరయ్యాక మా పేటలో సాయంత్రంపూట పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లి కూర్చున్నాను. గుణింతాలు తొందరగానే వచ్చాయి. మనసులో ఉన్నది వాక్యంగా పెట్టడానికి మాత్రం చాలా కాలం పట్టింది. మీరాన్ సాయిబు గారు జనం బంగారం ఎత్తుకుపోయారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు ఇనప్పెట్టె ఎదుట నిలబడ్డవాళ్లలో మిగిలినదాన్ని నేనే కాబట్టి రాస్తున్నాను.

1968లో చోడవరంలో సాయిబు గారి తోళ్ల కొట్టు మూతపడి, అదే కొట్టులో బ్యాంకు తెరిచినప్పుడు, నన్ను ఉప్పు పని నుంచి అటెండరు పనికి మార్చారు. అంతవరకు నేను, మా అమ్మ, మా పేట ఆడవాళ్లు ఆ కొట్టులో తోళ్లకు ఉప్పు పట్టించేవాళ్లం. పచ్చి తోలు వచ్చిన పూటే కండ వైపు పైకి పరిచి, గళ్ల ఉప్పు దోసిళ్లతో చల్లి, అరచేత్తో రుద్దాలి. దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. కింద ఊరిన నీళ్లు నేలలోకి, గోడల్లోకి ఇంకిపోయేవి. ఒక్క పూట ఆలస్యమైతే వెంట్రుక ఊడి వస్తుంది, తోలు పనికిరాదు. మా పనిలో ఉప్పు అంటే కాపాడేది. ఇంకో అర్థం మాకు తెలియదు.

సాయిబు గారిది ఈ ప్రాంతం కాదు. అరవ దేశంలో తోళ్లు ఊని పదును చేసే ఊరు ఏదో. తెల్లదొరల కాలంలో మేనమామ వెంట కుర్రవాడిగా ఇటు వచ్చారు. ఎడ్లబండ్ల మీద ఉప్పూ బట్టలూ వేసుకుని ఏజెన్సీ సంతలకు ఎక్కి, అక్కడి నుంచి చిరుతపులి, దుప్పి, నీరుకుక్క తోళ్లు దించేవారు. నీరుకుక్క బొచ్చుకు మంచి గిరాకీ. దొరసానుల కోట్లకు పోయేదట. మద్రాసు కంపెనీ దొర తోలు చేతికి తీసుకుని, బొచ్చులోకి ఊది, వెంట్రుకలు పాయలుగా విడితే అడుగున ఉన్న మెత్తని బొచ్చు చూసి ధర కట్టేవాడు. ఆ అలవాటు సాయిబు గారికీ పట్టుకుంది. బ్యాంకు పెట్టాక రాతకాగితం చేతికిచ్చినా ముందు దాని మీద ఒకసారి ఊదేవారు. క్యాషియరు శర్మ గారు నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకునేవారు.

దొరలు పోయాక బొచ్చు బేరం పడిపోయింది. మేక, గొడ్డు తోళ్లతో కొన్నాళ్లు నడిచింది. ఈలోగా జనం ఆయన దగ్గర డబ్బు దాచుకోవడం మొదలుపెట్టారు. కారణం ఒకటే. ఆయనకు ఊళ్లో చుట్టాలు లేరు. కులం పెద్దల దగ్గర దాచిన సొమ్ము సంగతి సాయంత్రానికి వియ్యాలవారికి తెలిసిపోతుంది. సాయిబు గారి దగ్గర దాస్తే ఎవరికీ తెలియదు, ఎందుకంటే చెప్పడానికి ఆయనకు ఎవరూ లేరు. భార్య చిన్నతనంలోనే పోయింది. వడ్డీ సొమ్ము ముట్టినవాడి ఇంట నీళ్లు తాగనని అన్నగారు రాకపోకలు మానేశారు. అలా తోళ్ల సాయిబు బ్యాంకు సాయిబు అయ్యారు. కాగితాల మీద అది బ్యాంకు కాదనీ, నిధి అనీ శర్మ గారు చెప్పేవారు. సభ్యులే డబ్బు వెయ్యాలి, సభ్యులకే అప్పు ఇవ్వాలి. బోర్డు మీద పెద్ద పేరే ఉండేది గాని, ఊరు మాత్రం తోళ్ల బ్యాంకు అనేది.

తోళ్ల బేరంలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ కలిపి పైన తువ్వాలు కప్పుతారు. లోపల ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని వందలు. వేలి మధ్య కణుపు నొక్కితే యాభై. చుట్టూ పదిమంది ఉన్నా ఆ ఇద్దరికే తెలుస్తుంది. సాయిబు గారు ఆ పద్ధతిని బ్యాంకులోకి తెచ్చారు. అప్పు కావలసినవాడు బెంచీ మీద కూర్చున్న నలుగురి ఎదుట ఎంతని చెప్పుకోనక్కరలేదు. తువ్వాలు కింద చెయ్యి పెడితే చాలు.

ఆడవాళ్ల చెయ్యి ఆయన పట్టుకోకూడదు కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. ఆమె నా వేళ్లు పట్టుకునేది. నేను వెళ్లి సాయిబు గారికి తువ్వాలు కింద అదే లెక్క చెప్పేదాన్ని. అటెండరుగా తలుపులు తియ్యడం, లక్క కరిగించడం, లెడ్జర్లు మోయడం కాక నా అసలు ఉద్యోగం అదే. తోళ్ల పేట మనిషి చెయ్యి ముట్టుకోం అని కొందరు వెనక్కి పోయేవారు. అలాంటివాళ్లు నలుగురూ వినేలా నోటితో చెప్పవలసి వచ్చేది. రెండోసారి వచ్చినప్పుడు మారు మాట్లాడకుండా చెయ్యి పెట్టేవారు.

బంగారం తాకట్టుకు ఒక వరస ఉండేది. కంసాలి గీటురాయి మీద గీసి నాణ్యం చూసి తూచేవాడు. నగను గుడ్డసంచిలో వేసి మూతి కట్టి, ముడి మీద లక్క పోసి, సాయిబు గారి ముద్ర వేసేవారు. నంబరు చీటీ తగిలించి ఇనప్పెట్టెలో పెట్టేవారు. పెట్టెకు రెండు తాళాలు, ఒకటి సాయిబు గారి దగ్గర, రెండోది శర్మ గారి దగ్గర. ఇద్దరూ ఉంటేగాని తెరుచుకోదు.

ఆ ఇనప్పెట్టెను ఎక్కడ పెట్టాలన్నది సాయిబు గారే తేల్చారు. కొట్టులో ఉత్తరం గోడ వారన. తోళ్ల దొంతరలు ఎప్పుడూ ఆ గోడకు ఆనించే వేసేవాళ్లం. "ఉప్పు తాగిన గోడిది. దీనికి జన్మలో చెద పట్టదు" అన్నారు. అది నిజమే. పక్క వీధి కొట్లలో కాగితాలు చెద తినేసేది, మా లెడ్జర్లు ఒక్క అంచు కూడా పోలేదు. ఏటా దసరాకు పెట్టె ముందు వైపు, రెండు పక్కలా ఆకుపచ్చ రంగు నేనే వేసేదాన్ని. వెనక వైపు గోడకు ఆని ఉండేది. దాన్ని ఎవరూ చూడలేదు.

1973 శ్రావణంలో వాన ఎడతెరిపి లేకుండా పట్టింది. ఒక ఉదయం కె.కోటపాడు వైపు నుంచి అప్పలనాయుడు అనే చెరకు రైతు, ఆయన భార్య సూరమ్మ గొడుగు కింద తడుస్తూ వచ్చారు. ఫ్యాక్టరీ నుంచి చెరకు డబ్బు చేతికొచ్చింది. సూరమ్మ నాను విడిపించుకోవాలి. నాను అంటే మెడకు పట్టినట్టుండే బంగారు తాడు. మా వైపు రైతు కుటుంబాల్లో ఆడదాని మెడలో అది లేకపోతే ముందు కళ్లు అక్కడికే వెళ్తాయి. మర్నాడు ఆమె అన్న ఇంట్లో పెళ్లి. నాను తాకట్టులో ఉందని పుట్టింటివాళ్లకు తెలియదు. తాకట్టు పెట్టిన రోజు ఆమె తువ్వాలు కింద నా వేళ్లు పట్టుకోవడం నాకు గుర్తుంది.

అసలూ వడ్డీ కట్టించుకుని శర్మ గారు రసీదు రాశారు. ఆయనా సాయిబు గారూ పెట్టె దగ్గరికి వెళ్లారు. సాయిబు గారి తాళం తిరిగింది. శర్మ గారిది తిరగలేదు. కొబ్బరి నూనె పోశారు, కిరసనాయిలు పోశారు. నన్ను పిలిచి దీపం పట్టుకోమన్నారు.

"ఎంతసేపు బాబూ, తాళం తియ్యడానికి? పొద్దుగూకేలోగా నేను ఎల్లిపోవాల" అంది సూరమ్మ.

వానకు బిగిసిందనీ, కాసేపు కూర్చోమనీ శర్మ గారు చెప్పారు.

"కూకునే ఉన్నాన్నాయనా. ఇంకాసేపుంటే ఊడలు దిగిపోతాయి నాకు."

"నోరు ముయ్యే" అన్నాడు అప్పలనాయుడు.

"నీకేటి, నీ మెడ సూడరు ఎవరూ."

శర్మ గారు రెండు చేతులతో బలంగా తిప్పారు. తాళంచెవి టప్పున విరిగింది. సగం ఆయన చేతిలో, సగం పెట్టె లోపల. సాయిబు గారు ఆ సగాన్ని తీసుకుని అరచేతిలో పెట్టుకున్నారు. "ఇరిగిపోనాది శర్మా. ఇప్పుడే బస్సెక్కు. విశాఖపట్నం నుంచి పెట్టెల మేస్త్రిని తీసుకురా. ఈయాలే" అన్నారు. శర్మ గారు తడిసిన చెప్పులతోనే పరుగెత్తారు.

అప్పటికి సూరమ్మ లేచి గుమ్మం దాటింది. ఇంతకాలం నాను సంగతి సొంత అన్నకు తెలియనివ్వని మనిషి, నడివీధిలో నిలబడి, తన నాను లోపల ఉండిపోయిందనీ పెట్టె తెరుచుకోవడం లేదనీ కేకలు పెట్టింది. ఆమెను తప్పు పట్టలేను. పెట్టె తెరుచుకోకపోతే ఆ సంగతి ఎలాగూ మర్నాడు తెలిసిపోయేదే.

మధ్యాహ్నానికి వీధి నిండిపోయింది. ఒకడు పెట్టె తెరుచుకోలేదన్నాడు. రెండోవాడు తాళం సాయిబే విరగ్గొట్టేడన్నాడు. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి బంగారం ఎప్పుడో మద్రాసు చేరిపోయింది. డబ్బు దాచుకున్నవాళ్లు పాసుపుస్తకాలు పట్టుకుని లోపలికి వచ్చారు. సాయిబు గారు బల్ల సొరుగులో ఉన్నది ఉన్నంతవరకు వరసగా ఇచ్చారు. సొరుగు ఖాళీ అయ్యాక, మిగిలినది పెట్టెలోనే ఉందని చెప్పారు. దానికి జనం నవ్వారు.

"తలుపు ముయ్యమంటారా బాబూ?" అని దగ్గరికెళ్లి అడిగాను.

"మూస్తే నిజమైపోద్ది నూకాలూ. తీసే ఉంచు."

గుమ్మంలోంచి ఒక బెల్లం వర్తకుడు గొంతు ఎత్తాడు. "సాయిబూ, నీ ఊరేటి? పేరు ఒక్కసారి సెప్పీ. రేపు ఎతుక్కోడానికి పనికొస్తాది."

"ఈ ఊరే" అన్నారు సాయిబు గారు. "నువ్వు పుట్టినప్పుడు మీ అయ్య సంతలో పంచదార పంచేడు. నేనూ తిన్నాను."

"తిన్నావు. మరి ఇప్పుడు మా నోట్లో ఏటి కొడతన్నావు?"

ఆయన వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు.

నేను గుమ్మం పక్కన నిలబడి జనాన్ని చూస్తున్నాను. అక్కడున్న ఆడవాళ్లలో చాలామంది చేతులు నాకు తెలుసు. ఎవరి చెయ్యి ఎంత అడిగిందో తెలుసు. తువ్వాలు కింద దాచుకున్నవాళ్లంతా ఆ పూట వీధిలోకి వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎదురెదురు ఇళ్లవాళ్లు, అత్తాకోడళ్లు, చివరికి వడ్డీకి ఇచ్చే షావుకారు భార్య కూడా. "నీదీ ఉందేటే ఇందులో?" అని ఒకావిడ తోడికోడల్ని అడిగింది. ఆమె తల దించుకుంది. ఊళ్లో ఎవరి బంగారం ఎక్కడుందో ఆ పూటకు అందరికీ తెలిసిపోయింది.

పొద్దు వాలుతుండగా శర్మ గారు మేస్త్రిని తీసుకుని బస్సు దిగారు. మేస్త్రి తాళం రంధ్రంలో చూసి, ఇది ఇక రాదనీ, వెనక రేకు కోసి తియ్యాలనీ, పెట్టెను ముందుకు లాగమనీ చెప్పాడు. సాయిబు గారు గుంపులోంచే నలుగుర్ని పిలిచారు, అనుమానం ఉన్నవాళ్లనే రమ్మన్నారు. వాళ్లు తాళ్లు వేసి లాగారు. పెట్టె కదిలినచోట నేల మీద ఎర్రటి పొట్టు కుప్పగా రాలింది.

మేస్త్రి పెట్టె వెనక్కి వెళ్లాడు. సుత్తితో నెమ్మదిగా ఒక దెబ్బ వేశాడు. సుత్తి లోపలికి దిగిపోయింది. అప్పడం విరిగినట్టు రేకు ముక్కలై పడింది. రంపం సంచిలోంచి తియ్యనే లేదు.

"దీనికి నన్నెందుకు తెచ్చేరండీ? పిల్లి గోకినా వచ్చీసును" అన్నాడు.

శర్మ గారు ఆ కన్నంలోంచి చెయ్యి పెట్టి సంచులు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టారు. గుడ్డలు చెమ్మగిల్లి తుప్పు మరకలు పట్టాయి గాని, లక్క ముద్రలు చెదరలేదు. పుస్తకం తెరిచి నంబర్లు చదివారు. ప్రతి సంచీ ఉంది. నోట్ల కట్టలూ ఉన్నాయి. సూరమ్మ సంచి ముద్ర ఆమె ఎదుటే పగలగొట్టి నాను చేతికిచ్చారు. ఆమె అక్కడే మెడలో వేసుకుని కొక్కెం పెట్టుకుంది. తరవాత ఆ కన్నం వైపు చూసింది.

"ఇందులోనా సాయిబూ, మా బంగారం ఎట్టేవు?"

పొద్దుటి నుంచి దొంగ అన్నవాళ్లంతా ఇప్పుడు ఆయన దొంగ కాదని కళ్లారా చూశారు. అదే చూపుతో, ఏ రాత్రి ఏ దొంగ వచ్చి పెట్టెను ఇవతలికి జరిపినా తమ నగలు పోయి ఉండేవనీ చూశారు. మొదటిది అబద్ధమని తేలింది. రెండోది నిజం.

సాయిబు గారు గోడ దగ్గరికి వెళ్లారు. పెట్టె ఉన్న మేర గోడంతా తెల్లగా పువ్వు పూసినట్టు ఉంది. వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నారు. నా వైపు చూశారు. నేనూ వెళ్లి వేలు పెట్టి చూశాను. మేము పోసిన ఉప్పే. వాన చెమ్మకు ఏటేటా బయటికి ఊరి, ఆనుకుని ఉన్న ఇనుమును తిన్నది.

"ఇన్నేళ్లు ఉప్పుతోటే బతికేం గదే" అన్నారు. "మనకి తెలవలేదు."

బడి చదువుకున్న శర్మ గారు ఆ గోడ మంచిదన్నారు. ఉప్పు రుద్దిన నేనూ అన్నాను. ఇనప్పెట్టె ఉన్న ఏ వర్తకుణ్ని అడిగినా వద్దనేవాడేమో. తోళ్లవాళ్లం కాబట్టి మేము అడగలేదు. మాకు అది అనుమానించవలసిన వస్తువే కాదు.

సూరమ్మ మర్నాడు పెళ్లికి వెళ్లిందని విన్నాను. అప్పటికే కబురు వాళ్లకంటే ముందు చేరింది. అందరూ ఆమె మెడనే చూశారట.

కొత్త పెట్టె తెప్పిస్తాననీ, దాన్ని ఎదురు గది దక్షిణం గోడకు పెడతాననీ సాయిబు గారు వచ్చినవారికల్లా చెప్పారు. వినడానికి ఎవరూ నిలబడలేదు. వేరే చోట ఎక్కువ వడ్డీకి తెచ్చి మరీ నగలు విడిపించుకున్నారు. పెట్టె పాడైందన్నది ఒక కారణం. ఒకరినొకరు చూసుకున్న చోటికి మళ్లీ రావడం ఇష్టం లేకపోవడం రెండో కారణం, అది ఎవరూ పైకి అనలేదు. తువ్వాలు కొయ్యకు వేలాడుతూ ఉండిపోయింది. అప్పు తీసుకున్నవాళ్లలో కొందరు, బ్యాంకు ఎలాగూ పోతోంది కదా అని కట్టడం మానేశారు. దాచుకున్నవాళ్లకు ఇవ్వవలసింది మాత్రం ఆగదు. సాయిబు గారు ముందు ఇల్లు అమ్మారు. తరవాత కొట్టు అమ్మారు. ఎరువుల వ్యాపారి కొన్నాడు. చివరి పాసుపుస్తకం వరకు చెల్లించి, శర్మ గారి చేత పుస్తకాలు మూయించారు.

ఆయన వెళ్లిన రోజు బస్సు దగ్గరికి శర్మ గారు, నేను వెళ్లాం. ఏళ్ల తరబడి మొహం చూడని అన్నగారి కొడుకుల దగ్గరికి వెళ్తున్నారని శర్మ గారు చెప్పారు. వాళ్లు రమ్మన్నారో లేదో తెలియదు. ఎక్కేముందు సాయిబు గారు, "నీ ఆఖరి నెల జీతం శర్మ దగ్గిరుంది, మరిసిపోకు" అన్నారు. బస్సు అనకాపల్లి వైపు వెళ్లింది. తరవాత ఆయన కబురు మాకు రాలేదు. ఉత్తరం వచ్చినా నేను చదవగలిగేదాన్ని కాదు. శర్మ గారికి కూడా రాలేదు.

ఆ తరవాత నా ఉద్యోగమంతా బ్యాంకుల్లోనే గడిచింది. ఆ ఊళ్లో నేను తెలుసుకున్నది ఇది: పరాయివాడికి చెప్పుకునే చుట్టం లేడని జనం సొమ్ము దాచారు. అనుమానం వచ్చిన రోజు, పట్టుకోవడానికి చుట్టం లేడని భయపడ్డారు. రెండూ ఒకే కారణం. అటువంటి మనిషి బ్యాంకు నడపాలంటే నిజాయితీ ఒక్కటీ చాలదు, పెట్టె వెనక కూడా చూసుకోవాలి. ఆయన చూసుకోలేదు. అందులో నా వంతు పనీ ఉంది, నేనూ చూడలేదు. జనానిది తప్పని నేను అనను. ఎత్తుకుపోయాడన్న మాట మాత్రం అబద్ధం.

ఆయన వెళ్లిన మర్నాడు ఉదయం నేను ఊళ్లో కొత్తగా తెరిచిన ప్రభుత్వ బ్యాంకుకు వెళ్లాను. ఊడ్చే మనిషి కావాలని విన్నాను. మేనేజరు గారు ఇంతకుముందు ఎక్కడ చేశావని అడిగారు. తోళ్ల బ్యాంకులో అన్నాను.

"అది మునిగిపోయిందటగా?"

"మునగలేదు బాబూ. అందరికీ ఇచ్చీసి మూసేరు."

ఆయన నమ్మారో లేదో తెలియదు, ఊడ్చమని వరండా చూపించారు. మధ్యాహ్నం దాకా ఊడ్చాను.